సెహమత్ పంపిన కబురు, వైజాగ్ ఆడిన అబద్ధం

రాజీ అనే హిందీ సినిమా ఎక్కడైనా చూడొచ్చు కానీ వైజాగ్ వాళ్ళకి అందులో ఒకచోట ఒళ్ళు జలదరిస్తుంది. 1971 యుద్ధానికి ముందు పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఒక ఆర్మీ కుటుంబంలోకి వెళ్ళిన కొత్త కోడలు దొంగచాటుగా చూసిన కాగితాల్లో ఉన్నది మన యుద్ధనౌక విక్రాంత్ గురించి, ఆ విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వస్తున్న ఘాజీ అనే సబ్‌మెరైన్ గురించి అని తెలిసే చోటది. ఎందుకంటే ఆ ఘాజీ చివరికి వచ్చింది మన హార్బర్ ముందుకే, మునిగింది ఇక్కడే, ఇప్పటికీ ఉన్నది కూడా ఇక్కడే. సినిమాలో మాత్రం వైజాగ్ కనిపించదు, కథంతా కాశ్మీర్, ఢిల్లీ, రావల్పిండి మధ్యే తిరుగుతుంది. అందుకే దీన్ని మన ఊరి వైపు నుంచి ఒకసారి చూడాలి, అక్కడ ఆ పిల్ల పంపిన కబురుకి ఇక్కడ అదే టైంలో ఏం జరుగుతుందో పక్కన పెట్టి చూస్తే ఈ సినిమా ఎంత లోతుకి వెళ్ళిందో ఇంకా బాగా తెలుస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి టూకీగా చెప్పుకుందాం. 2018 మేలో వచ్చింది, డైరెక్టర్ మేఘనా గుల్జార్. సెహమత్‌గా ఆలియా భట్ చేసింది (మన వాళ్ళకి తర్వాత ఆర్ఆర్ఆర్‌లో సీతగా తెలిసిన అమ్మాయే), ఆమె భర్త ఇక్బాల్‌గా విక్కీ కౌశల్, ఆమెని తయారు చేసే ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఖాలిద్ మీర్‌గా జైదీప్ అహ్లావత్. తండ్రి హిదాయత్ ఖాన్ పాకిస్తాన్ బ్రిగేడియర్‌తో స్నేహం పెట్టుకుని రహస్యంగా ఇండియా కోసం పనిచేస్తుంటాడు, ఆయనకి ట్యూమర్, ఎన్నాళ్ళో బతకడు. తను మొదలుపెట్టిన పని ఆగిపోకూడదని ఢిల్లీలో చదువుకుంటున్న కూతుర్ని ఆ బ్రిగేడియర్ చిన్నకొడుక్కి ఇచ్చి పెళ్ళి చేసి గూఢచారిగా పంపిస్తాడు. ఆ పిల్ల ఒప్పుకుంటుంది. అంతే కథ, మిగతాదంతా ఆ అత్తారింట్లో ఏం జరిగిందన్నదే.

అసలు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఒకటి ఇంత దూరం రావాల్సిన అవసరం ఏంటో సినిమా పెద్దగా వివరించదు, అది తెలిస్తే గానీ సెహమత్ చూసిన కాగితం విలువ అర్థం కాదు. 1971 జనవరి 30న గంగ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కి హైజాక్ చేశారు, ఆ తర్వాత పాకిస్తాన్ విమానాలు మన మీదుగా ఎగరకుండా ఇండియా ఆపేసింది. దాంతో పశ్చిమ పాకిస్తాన్ నుంచి తూర్పు పాకిస్తాన్‌కి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌కి, సైన్యం వెళ్ళాలన్నా సామాను వెళ్ళాలన్నా శ్రీలంక చుట్టూ తిరిగే పోవాలి. యుద్ధం వస్తే ఆ సముద్రదారి మూసేయగలిగేది విక్రాంత్, అప్పటికి మన దగ్గరున్న ఒకే ఒక్క విమానవాహక నౌక. బాయిలర్‌లో పగుళ్ళున్నా సరే దాన్ని తూర్పు వైపు పెట్టారు. విక్రాంత్‌ని లేపేస్తే బంగాళాఖాతం తెరుచుకుంటుంది. కరాచీ నుంచి ఇక్కడిదాకా దాదాపు 3,000 మైళ్ళు, అంత దూరం వచ్చి పనిచేసే సత్తా పాకిస్తాన్ సబ్‌మెరైన్లలో ఘాజీకి ఒక్కదానికే ఉంది, మిగతావి ఫ్రాన్స్ నుంచి కొన్న చిన్నవి. ఘాజీ అసలు అమెరికా వాళ్ళది, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కట్టింది, అప్పట్లో దాని పేరు డయాబ్లో, 1960ల్లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. 1971 నవంబర్ 14న అది కరాచీ నుంచి బయల్దేరింది, విక్రాంత్‌ని వేటాడడం ఒక పని, వైజాగ్ హార్బర్ ముందు మైన్లు, అంటే ఓడ తగిలితే పేలే బాంబులు, నీళ్ళలో పరచడం ఇంకో పని.

ఇప్పుడు సినిమాకి వద్దాం. గూఢచారి సినిమా అంటే మనకి అలవాటైన లెక్క ఒకటుంది, హీరో సూట్ వేసుకుని దేశాలు తిరుగుతాడు, శత్రువు ఇంట్లో వాళ్ళందరూ రాక్షసుల్లా ఉంటారు, చంపినా మనకి ఏమీ అనిపించదు. రాజీ ఈ లెక్కనే ముందు తీసి పక్కన పెట్టింది. సెహమత్ వెళ్ళిన ఇల్లు మంచి ఇల్లు. మావగారు మర్యాదస్తుడు, స్నేహితుడి కూతురని కన్నకూతురిలా చూసుకుంటాడు, తోడికోడలు మునీరా ఆప్యాయంగా దగ్గరికి తీసుకుంటుంది, భర్త అయితే కొత్తగా వచ్చిన పిల్ల బెరుకు పోయేదాకా దూరంగా ఉంటానని తనే పక్కకి జరిగే మనిషి. ఆ ఇంట్లో ఒక్కడంటే ఒక్క చెడ్డవాడు లేడు. అదే ఆమె పనిని అంత కష్టం చేసింది. చెడ్డవాడి ఇంట్లో దొంగతనం చేయడానికి ధైర్యం ఉంటే చాలు, నిన్ను నమ్మి అన్నం పెట్టిన ఇంట్లో చేయాలంటే ధైర్యం ఒక్కటే సరిపోదు. సినిమా రెండు గంటలపాటు మెల్లగా చూపించేది ఇదే, ఇంతకుమించి డైలాగులు చెప్పించి మనల్ని ఊదరగొట్టదు.

ఆమె పనిముట్లు చూడండి, అన్నీ ఇంట్లోవే. బాత్‌రూం తలుపు గడియ పెట్టుకుని మోర్స్ కోడ్‌లో కబురు కొడుతుంది, ఉమ్మడి కుటుంబంలో కోడలికి ఒంటరిగా దొరికే చోటు అదొక్కటే కాబట్టి. ఇంటికి వచ్చే పెద్ద పెద్ద ఆఫీసర్లు మాట్లాడుకునేది ఆమె చెవిన పడుతుంది, ఎందుకంటే వాళ్ళకి వడ్డించే చోట, పలకరించే చోట కోడలుండడం సహజం, ఆమెని ఎవరూ గమనించరు. ఆడపిల్లని ఇంట్లో వస్తువులా చూసే అలవాటే ఇక్కడ ఆమెకి కవచం అయింది. ఏ తెలుగింటి కోడలికైనా ఈ సీన్లు చూస్తుంటే ఆ ఇల్లు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించదు, అప్పగింతలప్పుడు తల్లి ఏడవడం కూడా మనింటి ఏడుపే. పైగా ఆ తల్లిగా చేసిన సోనీ రాజ్‌దాన్ ఆలియాకి నిజంగానే తల్లి, ఆ సీన్లో అది తెలిసిపోతుంది.

ఒక సీన్ దగ్గర కాసేపు ఆగాలి. సెహమత్ ఆర్మీ స్కూల్లో పిల్లలకి పాట నేర్పిస్తుంది. ఫంక్షన్ రోజు స్టేజి మీద పిల్లలు పాడుతుంటే కింద కూర్చున్న ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు గర్వంగా వింటారు, పాట మాతృభూమి గురించి, పిల్లలు తలుచుకునేది పాకిస్తాన్‌ని. పక్కన నిలబడి వాళ్ళతో గొంతు కలిపిన టీచర్ తలుచుకునేది మాత్రం ఇండియాని. పాట ఒక్కటే, మాటలూ అవే, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆలియా మొహంలో అక్కడ గర్వం ఉంటుంది, భయం ఉంటుంది, ఆ పిల్లల మీద నిజమైన ప్రేమ కూడా ఉంటుంది, మూడూ ఒకేసారి. ఇందులో ఎవరి దేశభక్తి అసలైనది అని అడిగితే జవాబు రెండూ అనే చెప్పాలి, ఇంత పెద్ద విషయాన్ని ఒక స్కూల్ ఫంక్షన్‌లో పెట్టి చెప్పడం మామూలు పని కాదు, ఈ సినిమాలో అన్నిటికన్నా గొప్ప సీన్ ఇదే.

రెండోది అబ్దుల్ చావు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నమ్మకంగా ఉన్న పెద్ద నౌకరు, మొదటి రోజు నుంచీ ఆమె మీద అనుమానం ఉన్నది అతనికొక్కడికే. అతనికి నిజం తెలిసిపోయి పరిగెడుతుంటే ఈమె జీపు వేసుకుని వెంటపడి గుద్దేస్తుంది. మామూలుగా అయితే ఇక్కడ చప్పట్లు కొట్టించే మ్యూజిక్ రావాలి, ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. తన ఇంటికి, తన దేశానికి నమ్మకంగా ఉన్న ఒక ముసలాయన్ని ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల చంపింది, తర్వాత తలుపేసుకుని ఏడుస్తుంది. ట్రైనింగ్‌లో గన్ను పట్టుకోవడం నేర్పించారు గానీ ఆ తర్వాత ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో ఎవరూ నేర్పించలేదు. ఆ తర్వాత బావగారు మెహబూబ్‌ని రైసిన్ అనే విషంతో చంపుతుంది, అప్పుడు విధవరాలైన మునీరాని పట్టుకుని ఓదార్చేది కూడా ఈమే. ఆ ఓదార్పు నాటకం కాదు, అదే ఘోరం.

సరే, ఇదంతా రావల్పిండిలో. మరి వైజాగ్‌లో ఏం జరుగుతుంది? తూర్పు నౌకాదళం అప్పటి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, యుద్ధం అయ్యాక ఆయనే వివరంగా రాశారు. ఘాజీ ఇటువైపు వస్తుందని తెలిసిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చిట్టగాంగ్ నౌకాదళం వాళ్ళని ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ గురించి అడుగుతూ వెళ్ళిన సిగ్నల్ మన వాళ్ళకి దొరికింది, ఆ ఆయిల్ వాడేది సబ్‌మెరైన్లు, మైన్లు ఏరేసే మైన్‌స్వీపర్ ఓడలు మాత్రమే, బంగాళాఖాతంలోకి అంత దూరం రాగలిగే సబ్‌మెరైన్ ఒక్కటే, కాబట్టి వచ్చేది ఘాజీ. అంటే బయటికి తెలిసిన రికార్డు ప్రకారం గుట్టు రట్టు చేసింది నూనె డబ్బా గురించి అడిగిన ఒక మామూలు ఆఫీసు కబురు. ఇందులో గూఢచారి కోడలి ప్రస్తావన లేదు. సినిమాకి మూలం హరీందర్ సిక్కా రాసిన కాలింగ్ సెహమత్, 2008లో వచ్చింది, ఆయన మాజీ నేవీ ఆఫీసర్, కార్గిల్ యుద్ధం టైంలో పరిచయమైన ఒక ఆర్మీ ఆఫీసర్ తల్లి కథ ఇది అని ఆయన చెప్పారు, ఆమె అసలు పేరు బయటపెట్టలేదు. గూఢచారుల కథలకి రసీదులు ఉండవు, అందుకని సెహమత్ కథని చరిత్ర పుస్తకంలా చదవకూడదు, అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఒక యుద్ధంలో కబురు నాలుగు దారుల్లో వస్తుంది, రికార్డులోకి ఎక్కేది వాటిలో కొన్నే.

కృష్ణన్ గారు చేసిన అసలు పని ఆ తర్వాత మొదలైంది. విక్రాంత్‌ని మెల్లగా అండమాన్ వైపు పంపేశారు, కానీ అది వైజాగ్‌లోనే, లేదా వైజాగ్ దగ్గర్లోనే ఉందని శత్రువు నమ్మాలి. దానికి రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని వాడారు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది, రేపో మాపో పక్కన పడేయాల్సిన ఓడ. అది వైజాగ్ తీరం నుంచి దాదాపు 160 మైళ్ళ దూరం వెళ్ళి, ఒక పెద్ద విమానవాహక నౌక ఉంటే వైర్‌లెస్‌లో ఎంత హడావిడి ఉంటుందో అంత హడావిడి చేసింది. ఒడ్డు మీద ఊళ్ళో ఏం చేశారంటే కాంట్రాక్టర్లకి పెద్ద మొత్తంలో రేషన్ ఆర్డర్లు పెట్టారు, మాంసం, కూరగాయలు, వెయ్యి మందికి పైగా ఉన్న ఓడకి సరిపడా. బజార్లో ఈ మాట తిరుగుతుంది, తిరిగిన మాట చేరాల్సిన చెవికి చేరుతుంది అని. ఇంకోటి, విక్రాంత్ మీద ఉన్న ఒక నావికుడు తన తల్లికి ఒంట్లో బాలేదని తెలిసి ఎలా ఉందో అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా పంపించారు, రహస్య కోడ్ ఏమీ లేకుండా, అవతలి వాళ్ళు చదవాలనే.

ఈ టెలిగ్రాం దగ్గర సినిమా, మన ఊరి కథ కలుస్తాయి. అక్కడ తండ్రి జబ్బుని అడ్డం పెట్టుకుని పెళ్ళి తొందరగా చేయించి కూతుర్ని లోపలికి పంపారు, ఇక్కడ లేని తల్లి జబ్బుని సృష్టించి అబద్ధాన్ని లోపలికి పంపారు. రెండు చోట్లా నమ్మించింది ఇంటి బెంగే. శత్రువు అయినా సరే తల్లికి బాలేదంటే అది నిజమే అనుకుంటాడు, దాని వెనక యుద్ధం ఉందని తొందరగా అనుమానించడు. సెహమత్ శత్రువు ఇంట్లోంచి నిజం బయటికి పంపుతుంది, వైజాగ్ శత్రువు చెవిలోకి అబద్ధం పంపుతుంది, ఇవి ఒకే పనికి రెండు చివరలు. కానీ రెండిటి బరువూ ఒకటి కాదు. రాజ్‌పుత్ మోసం చేసింది ఎక్కడో వైర్‌లెస్ దగ్గర కూర్చున్న, మొహం తెలియని మనిషిని. కాంట్రాక్టర్ మోసపోయినా అతనికి పోయేదేమీ లేదు. సెహమత్ మోసం చేసింది పొద్దున్న లేవగానే పలకరించే మొహాల్ని. ఫలితం ఒకటే అయినా మనిషి లోపల మిగిలేది వేరు, రాజీ లాంటి సినిమా అవసరం అయింది అందుకే, ఓడల లెక్కలు ఎంత బాగా రాసినా వాటిలో ఈ సంగతి పట్టదు.

డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌బేస్‌ల మీద దాడి చేశాయి, యుద్ధం మొదలైంది. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ కమాండ్‌లో రాజ్‌పుత్ హార్బర్ నుంచి బయటికి వెళ్తోంది. దారి చూపించే పైలట్‌ని దించేసి కాస్త ముందుకెళ్ళాక నీళ్ళలో ఏదో కదలిక కనిపిస్తే రెండు డెప్త్ చార్జ్‌లు, అంటే నీళ్ళ లోతులో పేలే బాంబులు, వేసి వెళ్ళిపోయారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి పెద్ద పేలుడు, తీరం దగ్గర ఇళ్ళ కిటికీలు అదిరాయి. తర్వాత జాలర్లకి నీళ్ళలో తేలుతున్న లైఫ్ జాకెట్, ఇంకొన్ని ముక్కలు దొరికాయి, డైవర్లు దిగి చూశారు, ఘాజీ అని తేలింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్‌తో సహా 90 మందికి పైగా ఉన్నారు అందులో, ఒక్కరూ బతకలేదు. డెప్త్ చార్జ్ వల్లే అని మన నేవీ, తన మైన్ తనకే తగిలిందని పాకిస్తాన్ వాదన, లోపల జరిగిన పేలుడే కారణం అయ్యుండొచ్చని మన వైపు నేవీలో పనిచేసిన వాళ్ళు కూడా కొందరు రాశారు. ఏదైనా డిసెంబర్ 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదకి లేచాయి, 16కి యుద్ధం అయిపోయింది.

ఇదే విషయం మీద 2017లో మన సంకల్ప్ రెడ్డి ఘాజీ తీశారు, రానా చేసిన సినిమా. అది పూర్తిగా నీళ్ళ కింద కథ, మన సబ్‌మెరైన్‌కి ఘాజీకి మధ్య పోరాటంగా కల్పించారు, తెలిసిన రికార్డులో అలాంటి పోరాటం లేదు, కానీ ఇరుకు గదిలో కమాండ్ ఎవరిది అనే టెన్షన్ బాగా పట్టుకున్నారు. రెండు సినిమాలూ వరసగా చూస్తే ఒకటి తెలుస్తుంది, ఊరు రెండిట్లోనూ లేదు. కిటికీలు అదిరిన ఇళ్ళు, బ్లాకౌట్‌లో దీపాలార్పి కూర్చున్న జనం, లైఫ్ జాకెట్ పట్టుకొచ్చిన జాలర్లు, పెద్ద ఆర్డర్ వచ్చిందని సంబరపడిన కాంట్రాక్టర్, వీళ్ళ సినిమా ఇంకా ఎవరూ తీయలేదు, తీయాలి, తెలుగులోనే తీయాలి.

రాజీలో లోపాలు లేవని కాదు. కాలేజీ పిల్ల అంత తక్కువ టైంలో పూర్తిస్థాయి ఏజెంట్ అయిపోవడం నమ్మడం కష్టం, ఆ ట్రైనింగ్ పాటలో కలిపి పరిగెత్తించేశారు. అంత పెద్ద ఆర్మీ కుటుంబంలో, యుద్ధం ముంచుకొస్తున్న టైంలో, ఇండియా నుంచి వచ్చిన కోడలి మీద అబ్దుల్‌కి తప్ప ఎవరికీ చాలాకాలం అనుమానం రాకపోవడం, రహస్య కాగితాలు ఇంట్లోనే దొరకడం కథకి వీలుగా అల్లినట్టు ఉంటుంది. తూర్పు పాకిస్తాన్‌లో అప్పుడు జనం పడుతున్న నరకం గురించి దాదాపు మాట లేదు, యుద్ధం ఎందుకు వచ్చిందో తెలియని కుర్రాళ్ళు ఇది కేవలం ఒక ఓడని కాపాడే గొడవ అనుకునే ప్రమాదం ఉంది. అది చిన్న లోపం కాదు.

అయినా చివరి అరగంట అన్నిటినీ కప్పేస్తుంది. ఇక్బాల్‌కి నిజం తెలుస్తుంది. అతను కూడా తన దేశం కోసం చేయాల్సిందే చేస్తాడు, ఆమె మీద ప్రేమ చచ్చిపోయి కాదు. బజార్లో మీర్ మనుషులు వేసిన గ్రెనేడ్‌కి ఇక్బాల్ పోతాడు, గుట్టు బయటపడకుండా ఉండాలంటే సెహమత్‌ని కూడా వదిలేయడానికి, అవసరమైతే చంపేయడానికి కూడా తన వాళ్ళే సిద్ధపడ్డారని ఆమె కళ్ళతో చూస్తుంది. ఆ తర్వాత ఆమె మీర్ మీద విరుచుకుపడే సీన్లో అడిగేది ఏంటంటే ఇది ఏం ప్రపంచం, ఇందులో బంధాలకి, ప్రాణానికి విలువ లేదా, నేను కూడా మీలా అయిపోకముందే నన్ను ఇంటికి పంపించేయండి అని. మీర్ యుద్ధంలో ఇంతే అంటాడు. జైదీప్ ఆ మాటని గర్వంగా చెప్పడు, చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా చెప్తాడు. అతను చెప్పింది తప్పని మనం అనలేం, వైజాగ్‌లో ఉన్నవాళ్ళం అసలే అనలేం, ఆ లెక్క వల్ల బతికిన ఒడ్డు మనది. ఆమె అడిగింది తప్పని కూడా అనలేం. సినిమా ఇద్దరి మాటా అలాగే వదిలేసింది, ఒకరిని గెలిపించలేదు, ఈ మధ్య వస్తున్న యుద్ధం సినిమాల్లో ఈ నిజాయితీ దాదాపు కనపడదు.

ఆమె తిరిగొచ్చాక కడుపుతో ఉందని తెలుస్తుంది, ఇక్బాల్ బిడ్డ. ఇంకో ప్రాణం తీయనని చెప్పి ఆ బిడ్డని కంటుంది, ఆ పిల్లాడు పెద్దయ్యాక ఇండియా యూనిఫాం వేసుకుంటాడు. శత్రువు ఆఫీసర్ రక్తం, గూఢచారి తల్లి, మన సైన్యం, మూడూ ఒక మనిషిలో. దీని గురించి సినిమా ఒక్క మాట కూడా వివరించదు, కొడుకుని చూపించి ఊరుకుంటుంది. బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు, దాటి కాస్త వెళ్తే 2002 నుంచి మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ముందు పిల్లలతో ఆగేవాళ్ళు 1971 గురించి చెప్పేటప్పుడు ఓడల పేర్లు ఎలాగూ చెప్తారు, వాటితోపాటు సెహమత్ గురించి, అబ్దుల్ గురించి, ఆ ఘాజీలో ఉన్న 90 మందికి పైగా మనుషుల గురించి కూడా చెప్తే ఆ పిల్లలకి యుద్ధం సగం కాకుండా పూర్తిగా తెలుస్తుంది.